గోడ మీది అమ్మాయి

తలుపు తియ్యలేదు.

నిన్న షిఫ్టు మధ్యలో లేచి ఇంటికి వచ్చేసిన చిన్ని, గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. రాత్రి భోజనానికి రాలేదు, పొద్దున టీకి రాలేదు. గుమ్మం ముందు పెట్టిన కప్పులో టీ చల్లారి, పైన మీగడ కట్టింది. అత్తగారు ఆ కప్పు తీసి, వేడిగా ఇంకో కప్పు పెట్టి, తలుపుకి మొహం ఆనించి నిలబడ్డారు.

"చిన్నీ, ఒక్క గుక్కైనా తాగు తల్లీ. నీ మీద ఎవరికీ కోపం లేదే."

కొంచెం ఆగి లోపల్నుంచి జవాబొచ్చింది. "నాకుంది."

ఆ కోపం ఎవరి మీదో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కోడలు వంటింటి గుమ్మం దగ్గర, తడిచేతులు తుడుచుకోవడం కూడా మర్చిపోయి నిలబడి ఉంది.

ఈ వారమే ఈ ఇంటి గుమ్మం తొక్కినవాళ్ళ కోసం రెండు ముక్కలు. కోడలూ ఆవిడ మొగుడుగారూ కలిసి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్నారు. అతను తలుపు వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాములు కడతాడు. ఆవిడ పనిచేసే మనుషుల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. వాళ్ళు ఎక్కడ తడబడుతున్నారు, ఎక్కడ విసుక్కుంటున్నారు, ఎక్కడ నోరు మూసుకుని సర్దుకుపోతున్నారు, అన్నీ చూసి ఏం కట్టాలో చెబుతుంది. అలా కట్టినదాన్ని ఒక పెద్ద కంపెనీ భాగస్వామిగా చేరి, తన పేరు కూడా తగిలించి అమ్ముతుంది. కొనుక్కున్నది ఒక బీమా కంపెనీ, తన ఫోన్ల విభాగం కోసం. ఆ విభాగంలోనే చిన్ని హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటుంది. ఈ చిన్ని ఆ మొగుడుగారికి చెల్లెలు. ఇల్లూ ఆఫీసూ ఇంత ఒరుసుకుని ఉంటే ఎప్పుడో ఒకప్పుడు నిప్పు పుట్టక మానదు. పుట్టింది.

కోడలి వృత్తిలో ఒక పద్ధతి ఉంది. చాలామంది పని చూశాక, వాళ్ళందరినీ కలిపి ఒక ఊహామనిషిని తయారుచేస్తారు. ఆ మనిషికి ఒక వయసు పెడతారు, ఒక తలనొప్పి పెడతారు, ఒక ఊతపదం పెడతారు. ఇక ఆ పైన ఏం కట్టినా "ఇది ఆ మనిషికి పనికొస్తుందా" అని అడుగుతారు. మంచి పద్ధతే. కానీ కోడలు తయారుచేసిన మనిషిలో చాలామంది లేరు. చిన్ని ఒక్కతే ఉంది. పేరు తీసేసింది, జుట్టు పొట్టి చేసింది, వయసు పెంచింది, కళ్ళద్దాలు పెట్టింది. ఒక్క మాట మాత్రం ఉన్నదున్నట్టు ఉంచేసింది.

"మీ మాట నాకు ముఖ్యమండీ, నిదానంగా ఇంకోసారి చెప్తారా?"

ఎందుకుంచేసిందంటే, ఆ మాట ఆవిడకి అంత ముద్దొచ్చింది.

చిన్ని పనిచేసే ఫ్లోరు మొత్తానికి ఆ మాట ఎవరిదో తెలుసు. మర్యాదంటే ఇలా ఉండాలని కొత్తగా చేరినవాళ్ళ చేత వల్లె వేయిస్తారు కూడా. చిన్నికి ఆ మర్యాద ఎందుకొచ్చిందో మాత్రం ఎవరికీ తెలియదు. చిన్నప్పటి జ్వరంలో కుడి చెవి పూర్తిగా పోయింది. ఉద్యోగంలో చేరేటప్పుడు రెండు చెవులూ బాగున్నాయని చెప్పింది. ఆ గుట్టు ఇంతకాలం గుట్టుగానే ఉంది. కోడలు తన ఊహామనిషికి ఆ చెవి కూడా పెట్టేసింది.

నిన్న పెద్ద కంపెనీవాళ్ళు ఫ్లోరు గోడ మీద నిలువెత్తు బొమ్మ అంటించారు. పొట్టి జుట్టు, కళ్ళద్దాలు, ఎడమ చెవికి హెడ్‌సెట్. పక్కన ఆ మాట. కింద పెద్ద అక్షరాల్లో: "ఒక్క చెవితో వింటుంది. నిండు మనసుతో వింటుంది. మనిషే మా కేంద్రం." ఆ అడుగున ఇద్దరు భాగస్వాముల గుర్తులు, పెళ్ళి ఫోటోలో జంటలా పక్కపక్కన.

ఫ్లోరు చూసుకునే మేనేజరమ్మ ఆ బొమ్మ ముందు నిలబడి, అందరూ చూస్తుండగా చిన్నిని అడిగింది. "ఇది నువ్వేనా?"

కాదని చెప్పి, హెడ్‌సెట్ బల్ల మీద పెట్టి, చిన్ని వచ్చేసింది. చెవి డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకుని ఫలితం చూపించమని వెనకాలే కబురొచ్చింది.

"చిన్నీ," అంది కోడలు, తలుపు దగ్గరికొచ్చి. "నాతో ఒక్కసారి మాట్లాడు."

"మాట్లాడితే రాసుకుంటావు."

అత్తగారు కోడలి వైపు చూడకుండా టీ కప్పు కొంచెం పక్కకి జరిపారు.

"రాసుకోను. తప్పైపోయింది. నీ పేరు లేకపోతే అది నువ్వు కాదనుకున్నాను."

"నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నప్పుడు మా వదిన వచ్చి కూర్చుందనుకున్నాను. పక్కవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నాను, మా వదిన అని. నువ్వు ఆఫీసు మనిషివై కూర్చున్నావని తెలిస్తే జాగ్రత్తగా ఉండేదాన్ని కదా. నీకు తెలిసిన సంగతి ఇంట్లో నాతో ఒక్క ముక్క అనలేదు. పోయి గోడకి చెప్పావు."

కోడలు పక్కన కూర్చున్న రోజుల్లోనే చెవి సంగతి కనిపెట్టింది. నిజమే, అనలేదు. తెలిసిందని తెలిస్తే చిన్ని నొచ్చుకుంటుందని ఊరుకుంది. ఊరుకున్నందుకు ఇన్నాళ్ళూ తనని తానే మెచ్చుకుంది కూడా. ఇప్పుడు సిగ్గుతో ఆవిడ మొహం ఎర్రబడింది.

"నేనేం చెప్పాను దానికి," అన్నారు అత్తగారు, తలుపుతో అన్నట్టు కోడలితో. "చెవి సంగతి ఎక్కడా ఎత్తకే అని చిన్నప్పట్నుంచీ నూరిపోశాను. ఎవరైనా పిలిస్తే తల మొత్తం తిప్పు, సగం తిప్పకు అని నేర్పించాను. బళ్ళో కుడి పక్క కూర్చోబెట్టించడానికి ఎన్ని అబద్ధాలాడానో నాకు తెలుసు. ఇంత కష్టపడి దాస్తే, నువ్వొచ్చి నిలువెత్తున గీసి పెట్టావు."

"నేను గోడకి పెట్టమనలేదు అత్తయ్యా. ఆ కాగితం మా భాగస్వాములకి ఇచ్చాను, అంతే. పని కోసం ఇచ్చాను. వాళ్ళు దాన్ని ప్రచారం చేసుకున్నారు."

"ఇచ్చావా లేదా?"

ఇచ్చింది. కోడలు వెళ్ళి స్టవ్ కట్టేసింది. దాని మీద ఏమీ లేదు.

మొగుడుగారు ఇంట్లోకి వస్తూనే చెప్పులు విడిచిన తీరుకి అత్తగారికి అర్థమైపోయింది, ఏదో ఒకటి తేల్చుకుని వచ్చాడని. పొద్దున్నే పెద్ద కంపెనీకి వెళ్ళి, అక్కడ భాగస్వామిగారితో గంటల తరబడి కూర్చుని వస్తున్నాడు. భాగస్వామిగారంటే ఆ కంపెనీ తరఫున వీళ్ళతో వ్యవహరించే మనిషి. "మనం భాగస్వాములం కదండీ" అనకుండా ఆయన నీళ్ళు కూడా అడగడు. అందుకే ఇంట్లో ఆ పేరు పడింది.

"దారి దొరికింది," అన్నాడు, నించునే. "మధ్యాహ్నం వీడియోలో మాట్లాడాలి. భాగస్వామిగారు, ఆ మేనేజరమ్మ, మనం. ఆవిడ ఒకటే అడుగుతుంది, ఆ బొమ్మలో అమ్మాయి నిజంగా ఉందా అని. లేదని చెప్పాలి. పూర్తిగా ఊహించి గీశామని చెప్పాలి. అంతే. ఆవిడ కూడా ఇంతటితో వదిలేస్తానంది."

"నిజంగా అందా?" అత్తగారి గొంతులో ప్రాణం లేచొచ్చింది.

"అందమ్మా. చెవి పనిచెయ్యదని ఉద్యోగంలోంచి ఎవరూ తియ్యరు. దాచిపెట్టిందని తీస్తారు. ఆ పేచీ రాకుండా ఉండాలంటే, బొమ్మకీ చిన్నికీ సంబంధం లేదని గీసినావిడే చెప్పాలి."

"అయితే చెప్పేస్తుంది. దానికేముంది. ఏమ్మాయ్?"

కోడలు మొగుడి వైపు చూసింది.

"మీరు మిగతాది కూడా చెప్పండి."

ఈ ఇంట్లో ఒక సంగతి తెలుసుకోవాలి. కోడలు మొగుడిని ఆఫీసులో, నలుగురి ముందు "మీరు" అంటుంది. ఇంట్లో "నువ్వు" అంటుంది. ఇంట్లో "మీరు" అందంటే, ఆ పూట వంట ఎవరూ తినరు.

"మిగతాదేముంది?" అన్నాడతను.

"ఆ అమ్మాయి లేదంటే, మాటల పట్టీ ఎవరి కోసం అని అడుగుతారు. అప్పుడేం చెప్తారు?"

అత్తగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "ఏం పట్టీ?"

"అవతల ఫోన్లో మాట్లాడేవాళ్ళ మాటలు స్క్రీన్ అడుగున అక్షరాలై నడుస్తాయి అత్తయ్యా. వినపడకపోతే చదువుకోవచ్చు. చిన్ని కోసమే కట్టించాను. అది నడవడానికి కంప్యూటర్లు కొంచెం నెమ్మదిస్తాయి. మిగతావాళ్ళకి అక్కర్లేదు, విసుక్కుంటున్నారు. ఇలాంటి మనిషి మీ దగ్గర ఉంది, ఆమె కోసం ఇది ఉండి తీరాలి అని వాదించి పెట్టించాను. ఇప్పుడు ఆ మనిషే లేదంటే ఆ పట్టీ ఒక్కరోజు కూడా ఉండదు."

"పోతే పోతుంది," అన్నాడు మొగుడుగారు. "పట్టీ పోతే మళ్ళీ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. ఉద్యోగం పోతే?"

"పట్టీ లేకుండా అది ఆ ఉద్యోగం ఎలా చేస్తుంది?"

"ఇంతకుముందు చెయ్యలేదూ?"

కోడలికి ఒళ్ళు మండింది. "ఎలా చేసిందో మీకు తెలుసా? నేను పక్కన కూర్చున్నాను కాబట్టి నాకు తెలుసు. ఒకావిడ ఫోన్ చేసి భర్త పోయాడని చెప్తోంది. లైను గరగరమంటోంది. అప్పటికే చిన్ని రెండుసార్లు మళ్ళీ చెప్పమంది. మూడోసారి అడిగితే బాగుండదని, అందాజుగా, 'చాలా సంతోషమండీ, ఇంకేమైనా సాయం కావాలా' అంది. అవతలావిడ ఏమందో నేను చెప్పను. చిన్ని బాత్రూంలోకి వెళ్ళి, కళ్ళు కడుక్కుని వచ్చి, మళ్ళీ హెడ్‌సెట్ పెట్టుకుంది. ఆ రోజు ఇంటికొచ్చి మనతో నవ్వుతూ భోంచేసింది. గుర్తుందా?"

ఎవరికీ గుర్తులేదు. చిన్ని రోజూ నవ్వుతూనే భోంచేస్తుంది.

"నువ్వు నీ పట్టీ గురించి చూసుకుంటున్నావు," అన్నాడతను కొంచెం తగ్గి. "నీకు మెప్పు తెచ్చింది కదా అది. ఇలా మనుషుల్ని చూసి కట్టేవాళ్ళే మాకు కావాలి అన్నారు కదా వాళ్ళు, చప్పట్లు కొట్టి. ఆ చప్పట్లు వదులుకోలేకపోతున్నావు."

మొగుళ్ళకి ఒక విద్య ఉంటుంది. పది తప్పు మాటల మధ్య ఒక నిజం కలిపి కొడతారు. అది తగలాల్సినచోటే తగిలింది. ఆ పట్టీ అంటే ఆవిడకి ప్రాణమే. ఆ చప్పట్లు కూడా ఇష్టమే.

"అవును, ఇష్టమే," అంది కోడలు. "కానీ అందుకోసం కాదు. మనం ముగ్గురం ఇక్కడ నిలబడి తేలుస్తున్నాం. దాన్ని ఎవరైనా అడిగారా?"

"దాన్నేం అడుగుతావే?" అన్నారు అత్తగారు. "అన్నం ముట్టని పిల్లని పట్టుకుని, పట్టీ ఉంచుకుంటావా ఉద్యోగం ఉంచుకుంటావా అని అడుగుతావా? పెద్దవాళ్ళం మనం లేమా? లేదని చెప్పెయ్యి. నా మీద ఒట్టు."

ఒట్టు పెట్టాక ఇంక మాటలేముంటాయి. కోడలు గది తలుపు వైపు చూసింది. లోపల చప్పుడు లేదు.

డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టి, వెనకాల గోడ శుభ్రంగా కనపడేలా జరిపాడు మొగుడుగారు. కోడలు జుట్టు దువ్వుకుని వచ్చి పక్కన కూర్చుంది. అత్తగారు తెర మీద కనపడకుండా, మాటలు మాత్రం వినపడేలా, బీన్స్ బుట్ట ఒళ్ళో పెట్టుకుని సోఫా అంచున కూర్చున్నారు. ఎంత సేపటికీ ఒకటే కాయ తుంచుతున్నారు.

తెర మీద మొదట భాగస్వామిగారి తల వచ్చింది. తర్వాత ఆయన నవ్వు వచ్చింది.

"నమస్కారమండీ. ఇలా ఏ సంగతైనా దాచుకోకుండా మాట్లాడుకోవడమే కదండీ భాగస్వామ్యమంటే."

పక్క గడిలో మేనేజరమ్మ ఉంది. నవ్వలేదు. వెనకాల గాజు గోడ, దాని అవతల వరసగా తలలు, హెడ్‌సెట్లు. అటు చివర గోడ మీద ఆ బొమ్మ చెయ్యంత మేర కనిపిస్తోంది. కోడలు చూపు తిప్పుకుంది.

"నాకు ఎక్కువ టైము లేదండీ," అంది మేనేజరమ్మ. "సూటిగా అడుగుతాను. ఈ బొమ్మ పెట్టిన దగ్గర్నుంచీ నా ఫ్లోరులో పని జరగట్లేదు. అందరూ ఒక పిల్లనే చూస్తున్నారు. ఆ పిల్ల మీ ఆడపడుచని కూడా నిన్ననే తెలిసింది. ఆ పిల్లని బాధపెట్టాలని నాకు లేదు. కానీ చేరేటప్పుడు ఒక మాట చెప్పి, అది నిజం కాదని తేలితే, పైవాళ్ళకి నేను చెప్పక తప్పదు. మీరు గీశారు కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. ఈ అమ్మాయి నిజంగా ఉందా?"

బల్ల కింద మొగుడుగారి కాలు వచ్చి కోడలి కాలిని తాకింది. భాగస్వామిగారి నవ్వు అలాగే బిగుసుకుపోయి ఉంది. అత్తగారి చేతిలో బీన్స్ కాయ ఆగిపోయింది.

"లేదండీ," అంది కోడలు.

"పూర్తిగా ఊహేనా?"

"ఊహేనండీ. చాలామందిని చూసి కలిపి రాస్తాం. అలాంటి మనిషి ఒక్కరే ఉండరు."

అబద్ధం అంత సాఫీగా వచ్చినందుకు ఆవిడకి తన మీదే అసహ్యం వేసింది.

"మరి ఆ మాట? 'మీ మాట నాకు ముఖ్యమండీ' అని?"

"ఫ్లోరులో చాలామంది నోట విన్నాను. మీరే నేర్పిస్తారట కదా."

మేనేజరమ్మ మొహంలో బిగువు సడలింది. "నేర్పిస్తాం, నిజమే. సరే. నాకు ఆ మాట చాలు. డాక్టరు పరీక్ష అక్కర్లేదని ఆ పిల్లకి చెప్పేస్తాను. బొమ్మ ఈ సాయంత్రమే తీయించేస్తాను."

అత్తగారు కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలారు. మొగుడుగారు వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. అయిపోయిందనుకున్నారు ఇద్దరూ.

"ఇంకొకటి," అంది మేనేజరమ్మ. "అలాంటి మనిషి లేనప్పుడు ఆ మాటల పట్టీ మాకెందుకండీ? దాని వల్ల స్క్రీన్లు నెమ్మదిగా కదులుతున్నాయని రోజూ నా ప్రాణం తీస్తున్నారు. ఉన్న మనిషి కోసమంటే సర్దుకుంటాం. లేని మనిషి కోసం ఎందుకు?"

"తప్పకుండా, తప్పకుండా," భాగస్వామిగారు అందుకున్నారు. "మీ అవసరమే మాకు ముఖ్యం. దాన్ని ఆపడం ఒక్క మీట పనండీ. సాయంత్రం షిఫ్టు మొదలయ్యేలోపే తీసేద్దాం. ఏమంటారు?"

కోడలు తెర వైపు చూస్తోంది. చిన్నిది సాయంత్రం షిఫ్టే.

"కొన్నాళ్ళు ఉంచితే..." అంది.

"ఎవరి కోసం?" అంది మేనేజరమ్మ.

కోడలు ఏ జవాబు చెప్పినా ఇందాకటి జవాబు పాడైపోతుంది. మొగుడుగారు గొంతు సవరించుకుని, "తీసేద్దామండీ. ఇబ్బందేం లేదు," అన్నాడు.

వెనకాల గడియ తీసిన చప్పుడైంది.

చిన్ని బయటికి వచ్చింది. నిన్నటి బట్టల్లోనే ఉంది, మెడలో ఆఫీసు కార్డు కూడా తియ్యలేదు. అత్తగారు బుట్ట పక్కన పెట్టి లేచి, "వద్దే, ఇటు రా," అంటూ చెయ్యి పట్టుకోబోయారు. చిన్ని విదిలించుకోలేదు, మెల్లగా తప్పించుకుని వచ్చి వదిన కుర్చీ వెనకాల నిలబడింది. ఇప్పుడు తెర మీద ఇటువైపు గడిలో ముగ్గురు కనిపించారు.

"మేడం, ఆ పట్టీ తియ్యకండి," అంది.

భాగస్వామిగారి నవ్వు చెదిరింది. "ఎవరో మధ్యలో వచ్చినట్టున్నారండీ. సౌండు సరిగ్గా రావట్లేదు."

"సౌండు బాగానే వస్తోంది," అంది మేనేజరమ్మ. "నువ్వు చెప్పమ్మా."

"ఆ గోడ మీద ఉన్నది నేనే. నాకు కుడి చెవి అసలు వినపడదు. చేరేటప్పుడు అబద్ధం చెప్పాను. చెప్తే ఉద్యోగం ఇవ్వరని భయపడ్డాను. పట్టీ వచ్చిన దగ్గర్నుంచీ నేను ఇంటికి తలనొప్పితో వెళ్ళట్లేదు. నన్ను తీసేస్తే తీసెయ్యండి. కానీ పట్టీ తీసేసి నన్ను ఉంచితే మాత్రం నా వల్ల కాదు."

గాజు గోడ అవతల ఎవరో లేచి, మళ్ళీ కూర్చున్నారు.

"ఇప్పుడేగా మీ వదినగారు అలాంటి మనిషి లేదన్నారు," అంది మేనేజరమ్మ నెమ్మదిగా. కళ్ళు కోడలి మీదికి తిరిగాయి. "ఏమండీ? నేను ఎవరి మాట నమ్మాలి?"

కోడలు పెదవి కదిపింది. ఈలోగా మొగుడుగారి చెయ్యి వచ్చి లాప్‌టాప్ మూసేసింది.

"ఎందుకు మూశావు అన్నయ్యా?"

"ఎందుకా? నీ కోసమే. నెట్టు పోయిందని చెప్తాను. నువ్వు కంగారులో ఏదో అన్నావని చెప్తాను. ఇంకా చెయ్యి దాటిపోలేదు."

"నేను కంగారులో అనలేదు."

"నీకేం తెలుసే," అన్నారు అత్తగారు. "అంతా సర్దుకుపోయింది. పరీక్ష కూడా అక్కర్లేదంది. చక్కగా అయిపోయినదాన్ని చేతులారా పాడుచేసుకున్నావు. నేను ఇన్నేళ్ళు..."

"నువ్వు ఇన్నేళ్ళు దాచావమ్మా. నాకు తెలుసు. నేను తల ఎంత తిప్పాలో కూడా నువ్వే చెప్పావు. ఇవాళ కూడా అందరూ నా కోసమే మాట్లాడారు. తలుపు అవతల కూర్చుని అంతా విన్నాను. నాకు అంత మాత్రం వినపడుతుంది." చిన్ని ఒక్కసారి ఊపిరి తీసుకుంది. "నాకోసం, నాకోసం అని ముగ్గురూ అన్నారు. నన్ను ఒక్కరూ పిలవలేదు."

అత్తగారు సోఫాలో కూలబడ్డారు. మొగుడుగారు లాప్‌టాప్ మీంచి చెయ్యి తియ్యలేదు.

కోడలు లేచి నిలబడింది. చిన్ని మొహంలోకి చూడాలని ఉంది, చూడలేకపోతోంది. ఆవిడ జీవితమంతా మొహాల్లోకి చూసే పనే చేసింది.

చిన్ని చేతిలో ఫోను మోగింది.

అందరూ ఆ ఫోను వైపే చూశారు. మేనేజరమ్మ. మొగుడుగారు "ఎత్తకు" అన్నాడు. చిన్ని ఎత్తింది. ఏదో వింది. "ఊఁ" అంది. "ఉన్నారు మేడం," అంది. మళ్ళీ వింది. "సరే మేడం. లోపలికి వెళ్తాను."

"ఏమంటోంది?" అన్నాడు అన్నయ్య.

"మీరెవరూ పక్కన లేకుండా మాట్లాడమంటోంది," అని గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

లోపల్నుంచి మాటలు వస్తున్నాయి గానీ, ఏం మాటలో తెలియట్లేదు. మొగుడుగారు గది ముందు ఆ చివర్నుంచి ఈ చివరికి తిరిగాడు. అతని ఫోను మోగింది. భాగస్వామిగారు. కట్ చేశాడు. వెంటనే మళ్ళీ మోగింది. నేల మీద పెట్టి పాదంతో తొక్కేస్తాడేమో అన్నట్టు చూశాడు గానీ, జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వు వెళ్ళి వినవే," అన్నారు అత్తగారు కోడలితో, రహస్యంగా. "ఏమంటోందో తెలిస్తే ఏం చెయ్యాలో చూసుకుందాం. ఊరికే కూర్చుని వినడమే కదా నీ పని."

కోడలు తల అడ్డంగా ఊపింది. తలుపుకి దూరంగా జరిగి, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆవిడకి భయంగా ఉంది. కంపెనీ పోతుందని కొంచెం, చిన్ని ఇక ఎప్పటికీ వదినా అని పిలవదేమోనని చాలా.

తలుపు తెరుచుకుంది. చిన్ని గుమ్మంలో నిలబడింది. ఫోను చేతిలో ఉంది, చెయ్యి కిందికి వేలాడుతోంది.

"వదినా."

కోడలు గిరుక్కున తిరిగింది. నిన్నటి నుంచీ ఆ పిలుపు వినలేదు.

"ఆవిడ నా చెవి గురించి ఎక్కువ అడగలేదు. తర్వాత చూద్దాం అంది. ఒక్కటే అడుగుతోంది." చిన్ని తడబడకుండా చెప్తోంది. "నా పక్కన కూర్చుని నన్ను చూశావు కదా. అదంతా రాసి, బొమ్మ గీసి, బయటివాళ్ళ చేతిలో పెట్టే ముందు నా అనుమతి అడిగావా అని. ఏం చెప్పను?"

మొగుడుగారి మొహం పాలిపోయింది. ఎవరి పని చూశారో వాళ్ళు ఒప్పుకోకుండా వాళ్ళ సంగతి ఒక్క ముక్క బయటపెట్టకూడదు. పెద్ద కంపెనీతో కుదిరిన ఒప్పందంలో మొట్టమొదటి షరతు అది. కోడలే పట్టుబట్టి రాయించింది. అడగలేదంటే ఆ ఒప్పందం ఉండదు, ఇంత కష్టపడి నిలబెట్టిన కంపెనీ ఉండదు.

"అడిగిందని చెప్పు చిన్నీ," అన్నాడు గబగబా. "ఇంట్లో ఎప్పుడో మాటల్లో అడిగిందని చెప్పు. నువ్వు సరేనన్నావని చెప్పు. నీకేం నష్టం లేదు. మీ వదిన కోసం ఒక్క మాట చెప్పలేవా?"

చిన్ని అన్నయ్య వైపు తిరగలేదు. వదిన వైపే చూస్తోంది.

కోడలికి ఆ మాట చెప్పడం ఎంత తేలికో కనిపిస్తోంది. అవునంటే చాలు. చిన్ని కాదనదు కూడా, ఆ పిల్ల మనసు తనకి తెలుసు. తెలుసుననుకోవడం వల్లే కదా ఇంత దాకా వచ్చింది.

"అడగలేదు," అంది.

"ఏమంటున్నావే నువ్వు," అన్నాడు మొగుడుగారు.

"అడగలేదని చెప్పు చిన్నీ. ఆ ఫ్లోరులో ఎవరి పక్కన కూర్చున్నా, ముందు చెప్పి, వాళ్ళు సరేనన్నాకే కూర్చున్నాను. రాసింది చూపించి మళ్ళీ అడిగాను. వద్దన్నవాళ్ళవి చింపేశాను. నిన్నొక్కదాన్నే అడగలేదు. ఇంటి మనిషివి కదా, నిన్ను అడిగేదేముందిలే అనుకున్నాను." చిన్ని వైపు ఒక అడుగు వేసింది. "అలాగే చెప్పు ఆవిడకి."

చిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. కిందికి వేలాడుతున్న చెయ్యి పైకెత్తి, ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.

"విన్నారా మేడం?"

లైను తెగలేదు. ఇంతసేపూ ఆ చేతిలో మేనేజరమ్మ ఉంది, అన్నీ వింటూ.

"చిన్నీ," అన్నాడు అన్నయ్య. తను చెప్పమన్నది కూడా అవతలకి చేరిందని అతనికి అప్పుడు తట్టింది.

"చెప్పకుండా వినిపించాను వదినా," అంది చిన్ని. ఆమె గొంతులో గెలిచిన సంతోషం ఏమీ లేదు. "ఎలా ఉంటుందో నీకు తెలియాలని."

ఫోన్లోంచి మేనేజరమ్మ గొంతు సన్నగా, ఆ నిశ్శబ్దంలో నలుగురికీ వినపడేలా వచ్చింది.

"అంతా విన్నాను. మీ వదినగారికి ఇవ్వమ్మా ఫోను."

చిన్ని ఫోను చాపింది. కోడలి చెయ్యి లేవలేదు.